బీరువాలో ఉన్న బ్రెయిల్ డిస్‌ప్లేను ఏం చేయమంటారు?

ఈ వారం ఉత్తరం రాసినవారు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలు. వయసు 36. చిన్నప్పుడే చూపు పోయింది. పదో తరగతి వరకు అంధుల వసతి పాఠశాలలో కాగితంపై చుక్కలు పొడిచే స్లేటు, స్టైలస్‌లతో బ్రెయిల్‌లో చదువుకున్నారు. ఇంటర్ నుంచి రికార్డు చేసిన పాఠాలు విని, ఆ తరువాత కంప్యూటర్‌లో తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెట్టుకుని డిగ్రీ, బీఎడ్ పూర్తి చేసి ఉద్యోగం తెచ్చుకున్నారు. అంటే దాదాపు ఇరవై ఏళ్లుగా ఆమె చదువంతా చెవితోనే సాగింది.

కిందటి ఏడాది ఆగస్టులో ఒక చిన్న సంఘటన జరిగింది. ఉపాధ్యాయ దినోత్సవం గురించి ఆమె టైపు చేసిన నోటీసులో ‘పాఠశాల’కు బదులు ‘పాటశాల’ అని పడింది. ప్రధానోపాధ్యాయులు చూడకుండానే సంతకం పెట్టారు, నోటీసు బోర్డు ఎక్కింది, ఎవరో దాన్ని ఫోటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ‘టీచరమ్మా, మన బడిలో ఇక పాటలేనా’ అని సహోద్యోగి ఒకరు స్టాఫ్ రూములో నవ్వారు. ‘తెలుగు చెప్పే నాకు ఠ రాదని ఊరంతా అనుకుంది. నేను ఆ నోటీసు మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ సరిగ్గానే వినిపించింది’ అని ఆమె రాశారు.

ఈ మాట విన్న అన్నయ్య డిసెంబరులో డాలస్ నుంచి వచ్చినప్పుడు, కంప్యూటర్‌లోని రాతను వేలితో తడిమి చదివే చుక్కలుగా లేపి చూపే బ్రెయిల్ డిస్‌ప్లే ఒకటి, 40 సెల్‌లది (సెల్ అంటే ఒక బ్రెయిల్ అక్షరం పట్టే గడి), కొని తెచ్చారు. మన డబ్బులో రెండు లక్షలు దాటింది. ఆమె దాన్ని పదకొండు రోజులు వాడి బీరువాలో పెట్టేశారు. కారణాలు ఉత్తరంలోనే ఉన్నాయి. తెలుగు ఫైలు తెరిస్తే వరుస నిండా ఏవో అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. చదువుతూ ఉండగానే వరుస మాయమై వేరే ఏదో ప్రత్యక్షమవుతోంది. ఒకచోట ‘వేలి కింద పురుగు కదిలినట్టు’ చుక్కలు లేచి పడుతున్నాయి. ఇంగ్లీషు పేరా ఒకటి చెవితో పదిహేను సెకన్లలో అయిపోతే వేలితో నాలుగు నిమిషాలు పట్టింది. ఇది తెలుగు తెలియని మిషన్ అని అన్నయ్య స్నేహితుడు తేల్చేశాడు. ‘నీ నోటీసులు నేను చూసి పెడతాను కదా, దీనికింత డబ్బెందుకు’ అని భర్త అంటున్నారు. ప్రతి ఆదివారం ఫోన్‌లో అన్నయ్య ‘వాడుతున్నావా అమ్మా’ అని అడిగితే ‘రోజూ వాడుతున్నాను’ అని చెబుతున్నారు. తిరిగి పంపేయాలా, తాను చదువుకున్న బడిలోని ఆడపిల్లలకు ఇచ్చేయాలా, పళ్లబిగువున వాడాలా, లేక తనకు బ్రెయిల్ పోయిందని ఒప్పుకోవాలా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, మీరు నాలుగు దారులు రాశారు. వాటిలో చివరిది మాత్రం నాకు దారిలా కనిపించలేదు, అది మీ మీద మీరే రాసుకున్న తీర్పు. మిగిలినవాటి గురించి మాట్లాడుకుందాం. అంతకంటే ముందు, ఆ పదకొండు రోజుల్లో మిమ్మల్ని విసిగించినవాటిలో యంత్రం వల్ల వచ్చినవి ఏవో, అమరిక వల్ల వచ్చినవి ఏవో, వేలివి ఏవో విడదీయాలి. మీరు అన్నిటినీ కలిపి ‘నాకు చేతకాలేదు’ అన్న ఒక్క మూటగా కట్టేశారు.

తెలుగు రాకపోవడంతో మొదలుపెడతాను. బ్రెయిల్ డిస్‌ప్లేకు తెలుగే కాదు, ఏ భాషా తెలియదు. ఒక్కో సెల్‌లో ఎనిమిది పిన్నులుంటాయి: ఎడమ నిలువున పైనుంచి కిందికి 1, 2, 3, కుడి నిలువున 4, 5, 6, వాటి అడుగున 7, 8. మీ 40 సెల్‌లలో మొత్తం 320 పిన్నులు. మామూలుగా ఒక్కో పిన్ను కింద విద్యుత్తు తగలగానే వంగే సన్నని పియెజో పట్టీ ఒకటి ఉంటుంది. మీవారు అడిగిన ‘ఇంత డబ్బెందుకు’ అన్న ప్రశ్నకు సగం సమాధానం ఆ పట్టీల్లోనే ఉంది. ఏ పిన్ను లేవాలో, ఏది పడుకోవాలో చెప్పేది కంప్యూటర్‌లోని స్క్రీన్ రీడర్. మీరు వాడుతున్న ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో అక్షరాలను చుక్కలుగా మార్చే పని లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చేస్తుంది (లూయీ బ్రెయిల్ పేరే దానికి పెట్టారు). దానిలో ఒక్కో భాషకు విడివిడిగా పట్టికలు ఉంటాయి. మీ కంప్యూటర్‌లో ఇప్పుడు ఇంగ్లీషు పట్టిక నడుస్తోంది. ఆ పట్టికకు ‘ఠ’ అంటే ఏమిటో తెలియదు, కనుక ఆ అక్షరానికి కంప్యూటర్ లోకంలో ఉన్న యూనికోడ్ సంఖ్యను అలాగే మీ వేలి కింద పరిచేస్తోంది. ఒక్క అక్షరం ఏడెనిమిది సెల్‌లు తినేస్తుంది. గుణింతపు గుర్తులను కూడా విడిగా లెక్కిస్తే ‘పాఠశాల’లో ఆరు గుర్తులున్నాయి, అంటే ఆ ఒక్క మాటకే మీ 40 సెల్‌లు చాలవు. పదకొండు రోజులు మీరు చదవడానికి ప్రయత్నించినవి అవే అయితే, మీరు చూపిన ఓపికకు నమస్కారం పెట్టాలి.

చేయవలసింది ఇంతే. ఎన్‌వీడీఏ కీతో పాటు ఎన్ నొక్కితే మెనూ వస్తుంది. అందులో ప్రిఫరెన్సెస్, దానిలో సెట్టింగ్స్, దానిలో బ్రెయిల్ అనే విభాగానికి వెళ్లి, అవుట్‌పుట్ టేబుల్ అన్నచోట తెలుగు గ్రేడ్ వన్ ఎంచుకోండి. అప్పుడు మీ వేలికి తగిలేది మీరు స్లేటు మీద నేర్చుకున్న భారతీ బ్రెయిలే. భారతీయ భాషలన్నిటికీ కలిపి 1951లో ఖరారైన లిపి అది. మీ బడి రోజులకూ నేటికీ దానిలో మీరు కొత్తగా నేర్చుకోవలసినది ఏమీ లేదు. ఇంగ్లీషు సంగతి అలా కాదు. మీరు చదివిన పాత ఇంగ్లీషు బ్రెయిల్‌లోని కొన్ని సంక్షిప్తాలను ఇప్పటి ఏకీకృత ఇంగ్లీషు బ్రెయిల్‌లో తీసేశారు, కొన్ని మాటలను పక్కమాటకు అతికించి రాసే అలవాటు పోయింది. మీరు ఇంగ్లీషు పేరాలో తడబడటానికి అది కూడా ఒక కారణం అయి ఉండవచ్చు. సంక్షిప్తాలు లేని ఇంగ్లీషు పట్టికను ఎంచుకుంటే ఆ తడబాటు తగ్గుతుంది, సెల్‌లు మాత్రం కొంచెం ఎక్కువ పడతాయి.

తెలుగు పట్టిక పెట్టగానే మీకు మరో చిక్కు ఎదురవుతుంది. మీ పని రెండు భాషల్లో ఉంటుంది. నోటీసులు, ప్రశ్నపత్రాలు తెలుగులో, మార్కుల ఎక్సెల్ షీట్లు, శాఖ నుంచి వచ్చే మెయిళ్లు ఇంగ్లీషులో. ప్రతిసారీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పట్టిక మార్చుకోవాలంటే మూడో రోజుకే విసుగొస్తుంది. ఎన్‌వీడీఏలో కాన్ఫిగరేషన్ ప్రొఫైల్ అనే సదుపాయం ఉంది. మీరు వర్డ్ తెరిచి ఉన్నప్పుడు ఎన్‌వీడీఏ, కంట్రోల్, పీ కీలు కలిపి నొక్కి, కొత్త ప్రొఫైల్ ఒకటి సృష్టించి, దాన్ని ఆ అప్లికేషన్‌కే ముడిపెట్టి, ఆ ప్రొఫైల్‌లో మాత్రం తెలుగు పట్టిక పెట్టుకోండి. అప్పుడు వర్డ్‌లోకి వెళ్లగానే తెలుగు, బయటకు రాగానే ఇంగ్లీషు దానంతట అదే మారుతుంది. ఒకే ఫైలులో రెండు భాషలూ కలిసి ఉంటే ఈ ఏర్పాటు పూర్తిగా ఆదుకోదు. అలాంటి చోట ఇంగ్లీషు మాటల కోసం చెవినే నమ్ముకోవడం తేలిక.

ఇంకో మాట. పాత సర్క్యులర్లు కొన్ని యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లలో టైపు చేసి ఉంటాయి. కంటికి తెలుగులా కనిపించినా, కంప్యూటర్ దృష్టిలో అవి అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు. అవి చెవికీ అందవు, వేలికీ అందవు. అలాంటి ఫైలు ఎదురైతే తప్పు మీ అమరికలో వెతకకండి.

మాయమయ్యే వరుస, కదిలే పురుగు, ఈ రెండూ చిన్నవే. మీరు చదువుతుండగా వాట్సాప్‌లో సందేశమో, బ్యాటరీ హెచ్చరికో వస్తే స్క్రీన్ రీడర్ దాన్ని కొన్ని సెకన్లపాటు మీ వరుస మీద పరుస్తుంది. బ్రెయిల్ సెట్టింగ్స్‌లో షో మెసేజెస్ అన్నదాన్ని ఆపివేస్తే ఆ చొరబాటు ఆగుతుంది, ఆ హెచ్చరికలు చెవికి ఎలాగూ వినిపిస్తాయి. ఇక ఆ పురుగు కర్సర్. కర్సర్ ఉన్న సెల్‌లో అడుగున ఉండే 7, 8 చుక్కలు క్షణానికోసారి లేచి పడుతుంటాయి. బ్లింక్ కర్సర్ అన్నచోట టిక్కు తీసేస్తే అవి లేచి అలాగే నిలబడతాయి. నేను మొదటిసారి డిస్‌ప్లే మీద వేలు పెట్టినప్పుడు ఆ కదలికకు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాను, ఆ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. వరుస చివర కొన్ని సెల్‌లు ఖాళీగా ఉండటం కూడా మీకు కనిపించి ఉంటుంది. మాటను మధ్యలో విరవకుండా పూర్తిగా తరువాతి వరుసకు నెట్టడం వల్ల అలా జరుగుతుంది. తెలుగులో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే మన మాటలు పొడుగు. ‘వెళ్లిపోవలసివచ్చింది’ అన్న ఒక్క క్రియ భారతీ బ్రెయిల్‌లో సరిగ్గా 20 సెల్‌లు తీసుకుంటుంది. 20 సెల్‌ల చిన్న డిస్‌ప్లేలో ఆ మాట తప్ప ఇంకేమీ పట్టదు. మీ అన్నయ్య 40 తేవడం మీకు మేలే చేసింది.

ఇప్పుడు వేగం దగ్గరకు వద్దాం, మీ మనసు నొచ్చుకున్నది అక్కడే. బ్రెయిల్‌లో బాగా చెయ్యి తిరిగినవారు ఇంగ్లీషును నిమిషానికి నూరు పదాల చుట్టుపక్కల చదువుతారు. స్క్రీన్ రీడర్ గొంతును అలవాటైనవారు దానికి మూడింతల వేగంతో వింటారు. అంటే ఇరవై ఏళ్ల విరామం లేకపోయినా, రోజూ బ్రెయిల్ చదువుతూనే ఉన్నా, మీ వేలు మీ చెవిని ఎప్పటికీ దాటదు. అసలు మీరు ఈ యంత్రాన్ని తెప్పించుకున్నది వేగం కోసమా? ‘పాటశాల’ కోసం కదా? వచ్చిన పని ఒకటి, మీరు పరీక్ష పెట్టిన పని ఇంకొకటి. పెన్నుల రంగు చూడటానికి పిలిచిన మనిషిని పరుగు పందెంలో నిలబెట్టి, ఓడిపోయాడని ఇంటికి పంపేసినట్టయింది.

అది వచ్చిన పనిలో ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం. మీరు తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ట, ఠ ఒకే కీ మీద ఉన్నాయి, షిఫ్ట్ పట్టుకుంటే ఠ, పట్టుకోకపోతే ట. మీ చిటికెన వేలు ఆ రోజు షిఫ్ట్ మీద ఒక రవ్వ ఆలస్యంగా పడింది, జరిగింది అంతే. ఇది అక్షరజ్ఞానానికి సంబంధించిన లోపం కాదు. మూడుసార్లు విన్నా దొరకకపోవడానికి కారణం మరీ సులభం. యంత్రపు గొంతులే కాదు, మనలో చాలామంది నోళ్లు కూడా ‘పాఠశాల’ను ‘పాటశాల’ అనే పలుకుతాయి. శ, ష, స సంగతి చెప్పనక్కరలేదు. చెవికి లేని తేడాను చెవితో పట్టుకోమని మిమ్మల్ని మీరు అడిగారు.

ఇప్పుడు అదే మాట డిస్‌ప్లే మీద పెట్టండి. ప, ఆ, తరువాత మూడో సెల్. అక్కడ ఠ ఉంటే 2, 4, 5, 6 చుక్కలు, ట ఉంటే వాటికి 3వ చుక్క తోడవుతుంది. ఎడమవైపు కింద ఒక్క చుక్క ఉందా లేదా, అంతే తేడా. చిన్నదే, కానీ ఉంది. స, శ, షలకైతే ఇంత చూడనక్కరలేదు. స 2, 3, 4, శ 1, 4, 6, ష 1, 2, 3, 4, 6, మూడూ మూడు వేర్వేరు ఆకారాలు. న, ణ కూడా కలగాపులగం కావు. ల, ళ దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త అవసరం. ల ఎడమ నిలువు మూడు చుక్కలు, ళ కుడి నిలువు మూడు చుక్కలు. చుట్టూ వేరే అక్షరం లేకుండా ఒంటరిగా తగిలితే మొదట్లో ఏది ఏదో పోల్చుకోలేక పొరబడతారు. ఒత్తక్షరాల ముందు వచ్చే 4వ చుక్కను కూడా అలవాటు తప్పిన వేలు మొదట్లో దాటేస్తుంది. ‘అమ్మ’ అంటే అ, 4వ చుక్క, మ, మ. ఆ ఒంటి చుక్కను పట్టుకోవడం వచ్చిందంటే మీ వేలు తిరిగి దారిలో పడినట్టే.

తప్పు దొరికాక దిద్దడం ఇంకా బాగుంటుంది. మీ డిస్‌ప్లేలో ప్రతి సెల్‌కు పైన ఒక చిన్న బటన్ ఉందని రాశారు, దాని ఉపయోగం రాయలేదు. ఆ మూడో సెల్ పైనున్న బటన్ నొక్కండి. కర్సర్ నేరుగా ఆ అక్షరం ముందుకు వచ్చి నిలబడుతుంది. డిలీట్ నొక్కి, షిఫ్ట్‌తో ఠ కొడితే, వేలు ఎత్తకముందే కింద చుక్కలు మారడం మీకు తగులుతుంది. బాణం కీతో ఒక్కో అక్షరం వింటూ, లెక్కపెట్టుకుంటూ వెళ్లే పాత పద్ధతికి దీనికి పోలిక లేదు. ఈ ఒక్క పని చేసి చూడకుండా దాన్ని ఎవరికీ ఇవ్వవద్దని మాత్రం గట్టిగా అడుగుతాను.

ఇక మీ దారులు. ‘పళ్లబిగువున వాడటం’ అని మీరు రాసినదాన్ని నేను రెండుగా విడదీస్తాను. మొదటిది, డిస్‌ప్లేను దిద్దుబాటుకు మాత్రమే వాడటం. చదవడం, వెతకడం, మెయిళ్లు అన్నీ ఇప్పటిలాగే చెవితో. నోటీసో, ప్రశ్నపత్రమో పూర్తయ్యాక మాత్రం కేబుల్ తగిలించి ఒకసారి వేలితో చూసుకోవడం. బ్లూటూత్ కాకుండా కేబుల్ అంటున్నాను, ఎందుకంటే బల్ల దగ్గర కూర్చుని చేసే పనిలో తెగిపోయే కనెక్షన్‌తో మీకు మరో కొత్త విసుగు అక్కరలేదు. ఒక పేజీకి మొదట్లో పావుగంట, ఇరవై నిమిషాలు పట్టవచ్చు. మీ ఉద్యోగంలో బోర్డు ఎక్కే కాగితాలు వారానికి ఎన్ని ఉంటాయి? ఆ మాత్రం సమయం దొరుకుతుందనుకుంటాను. దీనివల్ల మీరు ఏ కోరికతో అన్నయ్యకు మీ బాధ చెప్పుకున్నారో అది తీరుతుంది. వేగం పెద్దగా పెరగదు, పెరగాలని ఆశించకండి. అలవాటైన వాక్యాన్ని వేలు ఊహించుకుని దాటేసే ప్రమాదం కూడా ఉంది. రాసిన రోజు కాక మరునాడు చూసుకుంటే అది కొంత తగ్గుతుంది.

రెండోది, బ్రెయిల్ చదువును పూర్తిగా తిరిగి తెచ్చుకోవడం. దీనికి నెలలు పడుతుంది. రోజూ ఒక అరగంట, స్క్రీన్ రీడర్ గొంతు ఆపేసి చదవాలి. ఎన్‌వీడీఏ కీతో ఎస్ నొక్కుతూ వెళితే మాట ఆగిపోతుంది, చుక్కలు మాత్రం వస్తూనే ఉంటాయి. గొంతు నడుస్తూ ఉంటే మీ చెవి ముందే అంతా చెప్పేస్తుంది, వేలు బద్ధకిస్తుంది. మొదటి రెండు మూడు వారాలు మీకు కంఠతా వచ్చిన పద్యాలు టైపు చేసుకుని చదవండి. తరువాత తప్పకుండా తెలియని కథలకు మారాలి, లేకపోతే వేలు చదువుతోందో, జ్ఞాపకం చదువుతోందో మీకే తెలియదు. రెండు చేతులూ వాడండి. వరుస అయిపోగానే ముందుకు జరిపే మీట మీద బొటనవేలు సిద్ధంగా ఉంచితే, కాగితం మీద కింది వరుసకు దిగే లయకు దగ్గరగా ఏదో ఒకటి కుదురుతుంది. అచ్చంగా అదే లయ మాత్రం రాదు. కాగితపు బ్రెయిల్‌లో పేజీ అంతా చేతి కింద ఉంటుంది, ఇక్కడ మీకు ఎప్పుడూ ఒకే ఒక్క వరుస. దానికి నేను ఈనాటికీ పూర్తిగా అలవాటు పడలేదు.

ఈ రెండో దారిలో మీకు దక్కేది తరగతి గదిలో ఉంటుంది. ఇప్పుడు మీరు పాఠం చెప్పేటప్పుడు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, అది చెప్పింది విని, తిరిగి పిల్లలకు చెబుతున్నానని రాశారు. ఒక చెవి యంత్రానికి, ఒక చెవి నలభై మందికి. పద్యాన్ని రాగం తెగకుండా చదవాలంటే ఆ పద్ధతి ఎంత ఇబ్బందో మీకు నేను చెప్పాలా? వేలి కింద పద్యం ఉంటే రెండు చెవులూ పిల్లలకే ఇవ్వవచ్చు. హాజరు పేర్లు, మార్కులు పక్కవారికి వినపడకుండా చూసుకోవచ్చు. అయితే ఈ అరగంట ఎక్కడినుంచి వస్తుంది? జవాబు పత్రాల కాలంలో, ఇంటి పని మధ్య అది మీ నిద్రలోంచి రాకూడదు. ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒక పని తీసుకుంటేనే కుదురుతుంది. అది కుదరని ఇంట్లో ఈ దారి పట్టి మధ్యలో ఆపేస్తే, ‘చేతకాలేదు’ అన్న మాట మళ్లీ మొదటికొస్తుంది. మొదటి దారిలో కొన్ని నెలలు నడిచి, వేలు కుదుటపడ్డాక వేసవి సెలవుల్లో దీనిలోకి రావడం నా మనసుకు ఎక్కువ నచ్చిన ఏర్పాటు, కానీ మీ ఇంటి గడియారం మీకే తెలుసు.

మూడోది, మీ పాత బడి పిల్లలకు ఇవ్వడం. ఇది మంచి పనే, దీన్ని నేను కాదనను. మీరు వాడకుండా పెట్టుకుంటే బీరువాలో బ్యాటరీ పాడవడం తప్ప జరిగేదేమీ లేదు. అయితే ఇచ్చే ముందు ఆ బడికి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. స్క్రీన్ రీడర్ ఉన్న కంప్యూటర్ పిల్లలకు అందుబాటులో ఉందా, దీన్ని నేర్పే ఉపాధ్యాయులు ఉన్నారా, చెడిపోతే బాగు చేయించే డబ్బు ఉందా. మూడింటికీ సరైన జవాబు రాకపోతే మీ బీరువాలోంచి వాళ్ల బీరువాలోకి మారుతుంది, అంతే. సిగ్గుతో వదిలించుకోవడానికి ఇస్తున్నారా, ఇష్టంతో ఇస్తున్నారా అన్నది కూడా చూసుకోండి. మొదటిదైతే ఇచ్చిన మర్నాటి నుంచే బాధ మొదలవుతుంది.

మీరు రాయని దారి ఒకటుంది. మీరు ప్రభుత్వ ఉద్యోగి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు దివ్యాంగ ఉద్యోగులకు తగిన సౌకర్యాలు కల్పించాలి. నోటీసు రాసే బాధ్యత మీకు అప్పగించినప్పుడు దాన్ని సరిచూసుకునే వీలు కూడా కల్పించమని రాతపూర్వకంగా అడగవచ్చు. అది పరికరమే కానక్కరలేదు, బోర్డు ఎక్కే ముందు మరొకరు ఒకసారి చూడాలన్న నియమమైనా చాలు. కళ్లున్నవారి నోటీసుల్లోనూ తప్పులుంటాయి, అవి గ్రూపుల్లోకి ఎక్కవు, అంతే తేడా. ఇలా అడిగితే ప్రధానోపాధ్యాయులు చూడకుండా సంతకం పెట్టిన సంగతి కూడా మాటల్లోకి వస్తుంది. ఆయనకు అది నచ్చకపోవచ్చు. ఆ ఇబ్బందికి సిద్ధపడితేనే అడగండి.

మీవారి మాట నాకు కాస్త వేరేగా వినిపించింది. ఇన్నేళ్లుగా మీ నోటీసులు చదివి పెట్టింది ఆయన. ఇప్పుడు రెండు లక్షల యంత్రం వచ్చి ఆ పని తీసుకుంటానంటోంది. ‘డబ్బెందుకు’ అన్న ప్రశ్న వెనుక ‘నేను చాలనా’ అన్న ప్రశ్న ఉండవచ్చు. ఉందో లేదో నాకు తెలియదు, మీరు అడిగి తెలుసుకోగలరు. ఆయన ఊళ్లో లేని రోజున, పరీక్షల ముందు రాత్రి పదకొండింటికి ప్రశ్నపత్రం దిద్దుకోవలసి వచ్చిన రోజున మీరు ఎవరి మీద ఆధారపడకుండా ఉండాలనుకుంటున్నారని ఆయనకు చెప్పండి. ముందు మీరు వేలితో దిద్ది, తరువాత ఆయనను కంటితో చూడమనండి. మీకు దొరకనిది ఆయనకు, ఆయనకు దొరకనిది మీకు దొరకడం మొదలైతే ఇంట్లో ఆ మాట తీరు మారవచ్చు.

దాన్ని బడికి తీసుకెళ్లాలనుకుంటే సుద్దముక్కల పొడి గుర్తుపెట్టుకోండి. పిన్నుల సందుల్లోకి పొడి, నూనె, తిండి తుంపరలు చేరితే చుక్కలు లేవడం మొరాయిస్తాయి. బోర్డు దగ్గర నుంచి వచ్చి నేరుగా వేలు పెట్టకండి, చెయ్యి కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక పెట్టండి. మధ్యాహ్నం పచ్చడన్నం తిన్న చేతికి ఇది మరీ ముఖ్యం. ఏ పిన్నైనా ఇరుక్కుంటే సూదితో పొడవవద్దు, పొడి మెత్తని గుడ్డతో తుడిచి, అప్పటికీ లేవకపోతే బాగుచేసేవారికే వదిలేయండి.

ఈ చివరి సంగతి వల్లనే అన్నయ్యతో నిజం చెప్పడం వాయిదా వేయవద్దంటున్నాను. ఇలాంటి పరికరాలకు వారంటీ చాలాసార్లు కొన్న దేశంలోనే చెల్లుతుంది. బిల్లు ఆయన దగ్గర ఉంది, కొని ఇప్పటికి ఆరు నెలలు దాటింది. వచ్చే ఆదివారం లోపల తెలుగు పట్టిక పెట్టుకుని 40 సెల్‌లలోని ప్రతి చుక్కా లేస్తోందో లేదో ఒకసారి తడిమి చూసుకోండి. ఆయన ‘వాడుతున్నావా’ అని అడిగినప్పుడు, పదకొండు రోజులు వాడి ఆపేశానని, తెలుగు అమరిక తప్పుగా ఉందని ఇప్పుడే తెలిసిందని చెప్పి, బిల్లు ఫోటో పంపమనండి, వారంటీ ఎప్పటివరకు ఉందో కనుక్కోమనండి.